రాహేలమ్మ మోటారుకి ఫోన్ చేసిందెవరు

కంప్యూటర్‌కి దిష్టి తీసినవాళ్ళను చూశాను. టీవీకి తాయెత్తు కట్టినవాళ్ళను చూశాను. బోరు మోటారు కోసం ప్రార్థన చేయించినవాళ్ళనూ చూశాను. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆ నవ్వు పోలేదు గానీ, దాని పక్కన ఇంకోటి వచ్చి చేరింది. దాన్ని ప్రేమ అనడానికి మా బజారులో కాస్త సిగ్గుపడతాం గాని, ప్రేమే.

నా పేరు మస్తాన్. పిడుగురాళ్ల బస్టాండు వెనక సందులో నాకో రిపేరు షాపు ఉండేది. రేడియోలతో మొదలుపెట్టి టేప్‌రికార్డర్లు, టీవీలు, కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు అన్నీ దాటుకుంటూ చివరికి పొలంలో మోటారుకి సిమ్ కార్డు బిగించేదాకా వచ్చాను. ఈమధ్యే షాపు మూసేశాను. మాది సర్కారు కొలువు కాదు కాబట్టి రిటైర్ చెయ్యడానికి పైన ఎవరూ ఉండరు. ఎవరి చేతులు వాళ్ళను రిటైర్ చేస్తాయి. నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఒకచోట పెట్టాల్సిన సీసం చుక్క ఇంకోచోట పడేది. కొన్నాళ్ళు ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని నెట్టుకొచ్చాను. అదీ కుదరక షట్టర్ దించేశాను.

ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పటికీ ఇంటికొచ్చి, ఏం నేర్చుకోవాలో చెప్పమంటారు. సర్క్యూట్ల సంగతి మీ ఫోన్‌లో వీడియోలు నాకంటే బాగా చెబుతాయి. అవి చెప్పని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి. అవి రాస్తున్నాను. అందులో ముఖ్యమైనది ఒక మోటారు సంగతి, అది చివర్లో వస్తుంది.

ముందు మనిషి, తర్వాత పెట్టె

నాకు పని నేర్పింది కాలేషా ఉస్తాద్. ఆయన నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, చెవి మీద ఎప్పుడూ స్క్రూడ్రైవరు. కోపం ముక్కు మీదే ఉండేది గానీ కస్టమర్ వస్తే మాత్రం ఎక్కడలేని తీరిక వచ్చేది.

ఒకసారి టిఫిన్ హోటల్ ఆయన రేడియో తెచ్చాడు. వారానికోసారి చెడిపోతోందని గొడవ. నేను వెంటనే వెనక మూత విప్పబోయాను. ఉస్తాద్ నా చేతి మీద ఒకటి వేశాడు.

"ఏంది ఆత్రం? పెట్టె యాడికీ పోదు. ముందు మనిషిని విప్పు."

ఆయనకు టీ తెప్పించి, ఇడ్లీ ఎలా సాగుతోంది, చట్నీలోకి పల్లీలు ఎక్కడ కొంటున్నావు అంటూ కబుర్లలో పడ్డాడు. ఆ కబుర్లలో తేలిందేమంటే, ఆయన కొత్తగా పొయ్యి జరిపి ఇడ్లీ పాత్రను రేడియో ఉండే అరమర కిందకు తెచ్చాడు. పొద్దుట్నుంచీ ఇడ్లీలతోపాటు రేడియో కూడా ఉడుకుతోంది. అరమర మార్చుకోమని చెప్పి, రేడియోను ఎండలో పెట్టించి పంపేశాడు.

ఆ పాఠం నాకు పూర్తిగా వంటబట్టిందనే అనుకున్నాను చాలా ఏళ్ళు. రాహేలమ్మ మోటారు దగ్గర తెలిసింది, సగమే వంటబట్టిందని.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నా తీర్పు

నేను చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. కాబట్టి ఈ తీర్పు మీద పై కోర్టుకు వెళ్ళదలచినవాళ్ళు నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు.

డాస్ మా ఉస్తాద్ లాంటిది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. చెప్పింది చేసేది, చెప్పనిది చేసేది కాదు. తప్పు కొడితే తప్పు అని రెండు మాటల్లో మొహం మీదే అనేది. అలంకారాలు లేవు, ఓదార్పులు లేవు. సున్నపు రాయి లారీలు తూచే కాటా దగ్గర ఒక డాస్ కంప్యూటర్ దుమ్ములో కూరుకుపోయి కూడా ఏళ్ళతరబడి పనిచేసింది. దాన్ని మార్చి కొత్తది పెట్టినరోజు నాకు మనసు బాగోలేదు.

విండోస్ కొత్తల్లుడు. వాడికి రంగులు కావాలి, మెమరీ కావాలి, మర్యాద కావాలి. అప్‌డేట్ అంటూ పనున్న రోజే మంచమెక్కి కూర్చుంటాడు, లేపడానికి వీల్లేదు. ఏదన్నా చెరిపేయమంటే "నిజంగానే చెరిపేయమంటారా?" అని అడుగుతాడు. ఇన్ని ప్రశ్నలు అడిగేవాడు, తాను పడిపోయేటప్పుడు మాత్రం ఎవర్నీ అడగడు. అయినా అల్లుడు అల్లుడే. నా పిల్లల చదువులు సాగింది వాడు చెడిపోబట్టే. కాబట్టి వాడి మీద ఒక్క మాట కూడా గట్టిగా అననివ్వను.

లినక్స్ పెద్దమనిషి. గుంటూరు నుంచి ఒకాయన వచ్చి మా దగ్గర ఓ స్కూల్లో పెట్టిపోయాడు. ఉచితం. వైరస్ రాలేదు, ఆగిపోలేదు. ఆ స్కూలువాళ్ళు మళ్ళీ నా షాపు గడప తొక్కలేదు. నా బతుక్కి ఎసరు పెట్టే సరుకని అప్పుడే అర్థమైంది. అందుకే దాన్ని గౌరవించాను గానీ ఊరంతా చెప్పుకుంటూ తిరగలేదు.

ఇక సెల్‌ఫోన్లు. ఫోను నెమ్మదించిందని పెద్దవాళ్ళు తెస్తారు. చూస్తే లోపల ఖాళీ ఉండదు. అంతా శుభోదయం బొమ్మలు, పూలు, దేవుళ్ళు.

"ఇవి తీసేస్తా పెద్దమ్మా" అంటే,

"దేవుడి బొమ్మలు చెరిపితే పాపం గాదూ? ఆటలుంటయ్ చూడు, అయ్యి పీకెయ్" అంటుంది. ఆ ఆట మనవడిది. మనవడు షాపు బయట నిలబడి నా వంక చూస్తుంటాడు. దేవుడికీ మనవడికీ మధ్య ఇరుక్కున్న మెకానిక్ కష్టం ఏ కోర్సులోనూ చెప్పరు. నేను ఎప్పుడూ మధ్యేమార్గంగా పెళ్ళి వీడియోలు చెరిపేవాణ్ణి. వాటి గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ముఖం చూసి తెరుచుకునే ఫోన్లు వచ్చాయి. సున్నపు బట్టీలో పనిచేసే ఒకతను కొన్నాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఒళ్ళంతా సున్నం కాబట్టి అతని ఫోను అతన్ని గుర్తుపట్టేది కాదు. సాయంత్రం మొహం కడుక్కున్నాకే తెరుచుకునేది. వేలిముద్ర పెట్టుకుందామంటే సున్నం ఆ గీతల్ని ఎప్పుడో తినేసింది. చివరికి అంకెలు పెట్టిచ్చాను. ఆ అంకెలు అతనికి, భార్యకు, ఇద్దరు పిల్లలకు, పక్కింటివాళ్ళకు, నాకు తెలుసు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఒక ఫోను ఒక మనిషిదని కంపెనీవాళ్ళ నమ్మకం. మా దగ్గర ఫోను ఇంటిది. ఒక్కోసారి వీధిది. ఛార్జింగ్ ఎవరి దాంట్లో ఉంటే వాళ్ళ ఫోనే అందరి ఫోను.

ఉత్సవ విగ్రహం

పిడుగురాళ్లలో మా వృత్తికి అన్నం పెట్టింది సున్నపు దుమ్మే. బట్టీల ఆఫీసుల్లో ఏ కంప్యూటర్ విప్పినా లోపల వెల్ల వేసినట్టుండేది. దాన్ని బయటికి తెచ్చి గాలి కొట్టాలి, తడిబట్ట మాత్రం తగలనివ్వకూడదు. అక్కడ పనికి వెళ్ళేవాళ్ళకు మొదట చెప్పేది ఇదే.

ఒక బట్టీ యజమాని కోటయ్యగారు. పెద్దాయన. దసరాకి ఆయుధపూజ చేసి, కంప్యూటర్‌కి పసుపూ కుంకుమా పెట్టి, కీబోర్డు పక్కనే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళన్నీ కీబోర్డులోకి పోయాయి. లోపలున్న సున్నంతో కలిసి మీటలన్నీ బిగుసుకున్నాయి. కబురు పెడితే వెళ్ళాను.

"కోటయ్యగారూ, సున్నం మీద నీళ్ళు పడితే ఏమయిద్దో మీకు నేను చెప్పాల్నా?" అన్నాను.

"ఒరేయ్ మస్తానూ, బట్టీకి కొట్టా, లారీకి కొట్టా, కాటాకి కొట్టా. దీనికొక్కదానికే కొట్టకపోతే అలగదంట్రా?" అన్నాడు.

ఆ మనిషి ఎగతాళికి అనలేదు. తన కడుపు నింపే వస్తువును పండగనాడు పస్తు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. నేను ఇక వాదించలేదు. పై ఏడాది నుంచి దసరా ముందురోజు వెళ్ళి అసలు కంప్యూటర్ మీద కవరు కప్పి, నా షాపులో పాడైపోయి పడున్న కీబోర్డు ఒకటి తెచ్చి దాని ముందు పెట్టేవాణ్ణి. మూలవిరాట్టు లోపల, ఉత్సవ విగ్రహం బయట. కోటయ్యగారు ఆ పాడైపోయిన కీబోర్డు మీద కొబ్బరినీళ్ళు మనసారా పోసి దండం పెట్టుకునేవాడు.

మా ఉస్తాద్ షాపులో స్టెబిలైజర్‌కి తాయెత్తు ఉండేది. తీసేద్దామని ఎప్పుడన్నా అంటే, "అది స్టెబిలైజర్ కోసం కాదు రా, నా కోసం" అనేవాడు. కస్టమర్ నమ్మకాన్ని మీరు బాగుచెయ్యబోకండి. అది చెడిపోయిన వస్తువు కాదు.

రాహేలమ్మ

ఇప్పుడు మోటారు దగ్గరికి వద్దాం.

రాహేలమ్మది మాచవరం పక్కన ఒక ఊరు. భర్త పోయి చాలాకాలమైంది. రెండెకరాల నల్లరేగడి, అందులో మిరప. ఒంటిచేత్తో చేసుకునేది. ఒక వర్షాకాలం గట్టు మీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది గానీ రేగడి బురదలో బోరు దాకా నడవలేదు. కూలివాళ్ళను పెట్టి కోత కోయించుకోవచ్చు, మందు కొట్టించుకోవచ్చు. రోజూ వెళ్ళి మోటారు వేసి, ఆపి వచ్చేదెవరు? అక్కడే చిక్కు.

ఆమె మరిది యోహాను పొలం పక్కనే. చెడ్డవాడు కాదు. "వదినా, ఇంకెందుకీ పాట్లు? నాకు కౌలుకియ్యి, నేను చేస్తా" అన్నాడు. ఊళ్ళో అందరూ అదే సబబన్నారు. ఆమె నా షాపుకు ఆటోలో వచ్చి ఆ సంగతి చెప్పి, ఇలా అంది:

"మస్తానన్నా, కౌలుకిస్తే నాకు తిండికేం లోటుండదు. కానీ పొద్దున లేచి నేను చెయ్యాల్సిన పనంటూ ఒకటుండాలి గదా. అది గూడా ఇచ్చేస్తే ఇంక నేను లేవడమెందుకు?"

ఫోన్‌తో మోటారు వేసుకునే పెట్టె ఉంటుందట గదా, అది పెట్టమంది. పెట్టాను. స్టార్టర్ డబ్బాలో ఒక చిన్న పెట్టె, అందులో ఒక సిమ్. ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది, ఇంకో మిస్డ్ కాల్ ఇస్తే ఆగుతుంది. అంతే దాని తెలివి. కొన్ని నంబర్లకే పలికేలా దానికి తాళం వెయ్యొచ్చు. వెయ్యమంటావా అని అడిగితే రాహేలమ్మ ఒప్పుకోలేదు.

"నా ఫోన్లో ఛార్జింగ్ ఎప్పుడేడిసింది? పక్కింటోళ్ళది తీసుకుంటా, పాలోడిది తీసుకుంటా. ఎవురు చేసినా పలకాల."

నిజమే గదా అని వదిలేశాను. మొదటిరోజు మంచం మీద కూర్చుని ఫోన్ నొక్కింది. పొలంలో ఉన్న యోహాను, నీళ్ళు పడుతున్నాయని అక్కణ్ణుంచి కేకేసినట్టే ఫోన్లో అరిచాడు. రాహేలమ్మ ఏడ్చింది. నేను పెట్టిన యంత్రాల్లో మనిషి ఏడ్చింది దానికొక్కదానికే.

మోటారుకు పిచ్చి పట్టింది

కొన్ని నెలలు బాగానే గడిచింది. తర్వాత మోటారు తన ఇష్టం వచ్చినట్టు ఆడడం మొదలుపెట్టింది. ఆమె వేసింది అనుకున్న రోజు చేను ఎండేది. ఆపింది అనుకున్న రోజు నీళ్ళు పారి చేను చెరువయ్యేది. మిరపకు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. అలా ఒక మూల మొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

యోహానుకు కోపం వచ్చింది. "మిషన్ని నమ్ముకుని చేను ముంచుతున్నావు వదినా. ఇంకోసారి ఇట్టా అయితే మాత్రం కౌలుకియ్యాల్సిందే" అన్నాడు. రాహేలమ్మ సరేనని మాటిచ్చింది. ఇచ్చి నాకు ఫోన్ చేసింది. ఆమె మాట తప్పే మనిషి కాదని నాకు తెలుసు, అందుకే భయమేసింది.

వెళ్ళాను. పెట్టె విప్పాను. లోపల మోటారును వేసి ఆపే రిలే అంటుకుపోతోందేమోనని కొత్తది వేశాను. వైర్లు మార్చాను. రాహేలమ్మను అడిగాను, "ఈ నంబరు ఎవరికన్నా ఇచ్చావా చెల్లెమ్మా?" అని. "ఎవురికీ ఇవ్వలా అన్నా" అంది. అంతటితో మనిషిని విప్పడం అయిపోయిందనుకుని మళ్ళీ పెట్టె మీద పడ్డాను.

సిమ్ తీసి నా పాత బటన్ ఫోన్లో వేసుకుని ఓ మధ్యాహ్నం చేనుగట్టు మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఒకమ్మాయి, చాలా మర్యాదగా, పర్సనల్ లోన్ ఏమన్నా కావాలా అంది. ఇంకాసేపటికి ఇంకొకరు, కాలర్ ట్యూన్ పెట్టుకోమన్నారు. నాకు నవ్వాగలేదు. దేశంలో బోరు మోటార్లకు కూడా అప్పు ఇస్తామని తిరుగుతున్నారన్నమాట. దొంగ దొరికాడనుకున్నాను. అలాంటి కాల్స్ రాకుండా ఆపించి, సిమ్ మళ్ళీ పెట్టెలో పెట్టి, ఇక నిశ్చింతగా ఉండమని రాహేలమ్మకు చెప్పి వచ్చాను.

వారం తిరక్కుండా ఫోన్. గొంతు చాలా చిన్నగా ఉంది.

"అన్నా, మళ్ళా తిరిగింది. యోహాను అటుగా పోతా చూసి ఆపాడంట. చేను మునగలా. 'ఈసారికి నేను చూళ్ళేదనుకుంటా వదినా, ఇంకోసారి మాత్రం అనుకోను' అన్నాడు."

అప్పుడు ఉస్తాద్ గుర్తొచ్చాడు. పల్లీల కబుర్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. రాహేలమ్మను మళ్ళీ అడగడం మొదలుపెట్టాను. ఎప్పుడు లేస్తావు, ఎప్పుడు వేస్తావు, ఏ వారం బాగుంటుంది, ఏ వారం పిచ్చి చేస్తుంది.

"పొద్దున కరెంటిచ్చే వారంలోనే అన్నా ఈ గోల. మధ్యానం ఇచ్చే వారం చానా బుద్ధిగా ఉంటది."

పొలాలకు మా దగ్గర కరెంటు ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం ఇచ్చేవాళ్ళు. అంటే పొద్దున్నే ఎవరో ఫోన్ చేస్తున్నారు. కరెంటుంటే మోటారు తిరుగుతోంది, లేని వారం పలకడంలేదు. తర్వాత రాహేలమ్మ వేద్దామని ఫోన్ చేస్తే, తిరిగేది కాస్తా ఆగిపోతోంది. ఇంకాసేపటికి ఆపుదామని చేస్తే, ఆగినది మళ్ళీ తిరుగుతోంది. మోటారుకు పిచ్చి కాదు. లెక్క ప్రకారమే పనిచేస్తోంది. మధ్యలో ఎవరో చెయ్యి పెడుతున్నారు.

టీకొట్టు దగ్గర

మళ్ళీ సిమ్ తెచ్చి బటన్ ఫోన్లో వేసుకుని జేబులో పెట్టుకున్నాను. పొద్దున నమాజు అయ్యాక టీకొట్టు దగ్గర నిలబడి ఉండగా మోగింది. ఎత్తాను.

ఒక ఆడమనిషి గొంతు. రికార్డు చేసిన కాల్. ప్రభువు నామంలో శుభోదయం చెప్పింది. ఆరోజు వాక్యం చదివింది. తర్వాత, ఈ వారం ప్రార్థన అవసరమైనవారి గురించి అందరం ప్రార్థిద్దామంది. ఒకాయన కంటి ఆపరేషన్. ఒక పిల్లవాడి పరీక్షలు. ఒకామె కాన్పు.

"రాహేలమ్మగారి బోరు మోటారు కాలిపోకుండా..."

చేతిలో టీ ఒలికింది. టీకొట్టు ఆయన, "ఏమైంది సాయిబూ, ఎవురన్నా పోయారా?" అన్నాడు. లేదు, దొరికారన్నాను.

నేరుగా రాహేలమ్మ ఇంటికి వెళ్ళాను. యోహాను కూడా అక్కడే ఉన్నాడు.

"చెల్లెమ్మా, మీ చర్చి పాస్టరమ్మగారికి మోటారు నంబరు ఇచ్చావా?"

"ఇచ్చా."

"ఎవరికీ ఇవ్వలేదన్నావే!"

ఆమె నా వంక వింతగా చూసింది. "అది ప్రార్థనకిచ్చా గదన్నా. ప్రార్థనకిచ్చింది ఇచ్చినట్టెట్టా అయిద్ది?"

సంగతేమంటే, తుంటి ఆపరేషన్ అయినప్పుడు సంఘమంతా ఆమె కోసం ప్రార్థన చేశారు. ఆమె లేచి నడిచింది. నేను పెట్టె బిగించిన కొన్నాళ్ళకు, లో వోల్టేజీకి చుట్టుపక్కల మోటార్లన్నీ కాలిపోవడం మొదలైంది. నాకు చేసినట్టే మోటారుకు కూడా చెయ్యండమ్మా అని వెళ్ళి అడిగింది. ప్రార్థన కోరినవాళ్ళ నంబర్లన్నిటికీ పాస్టరమ్మగారు రోజూ పొద్దున వాక్యం పంపేది. మోటారుకు నంబరుంది కాబట్టి మోటారుకూ పంపింది. మోటారు రోజూ పొద్దున్నే వాక్యం అందుకుని లేచి పనిలోకి దిగుతోంది.

యోహాను ముందు నోరు తెరిచాడు. తర్వాత గోడకు చేరబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "వదినా, నీ మోటారుకున్న భక్తి నాకు లేదు గదే!" అన్నాడు.

రాహేలమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు యోహాను మీదే ఉన్నాయి. "మరి చేను?" అంది.

"ఏం చేను? నీ చేను నువ్వు చేసుకో. తప్పు మోటారుది కాదు, నీది కాదు. దేవుడి మీద యాడ కేసెయ్యను?"

అప్పుడు నవ్వింది.

పెట్టెకు తాళం వేశాను. కొన్ని నంబర్లకే అందులో చోటుంది. రాహేలమ్మది, యోహానుది, పక్కింటివాళ్ళది, పాలబ్బాయిది. ఒక చోటు మిగిలింది. ఎవరిది పెట్టమంటావన్నాను.

"పాస్టరమ్మగారి కాల్ వచ్చే నంబరు పెట్టన్నా."

"అదే గదమ్మా ఇంత గోల తెచ్చింది!"

"తెలవక గోల. ఇప్పుడు తెలిసింది గదా. పొద్దున కరెంటిచ్చే వారం వాక్యం వచ్చి మోటారు వేసిద్ది, మధ్యానం వారం నేనే వేసుకుంటా, ఆపడం ఎప్పుడూ నే చూసుకుంటా. ప్రార్థన మధ్యలో మానిపిస్తే ఎట్టా అన్నా?"

నా వృత్తిలో ఏ సూత్రం ప్రకారం చూసినా అది తప్పు. అయినా పెట్టాను. నేను చేసిన పనుల్లో మంచిది ఏదని అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. పాస్టరమ్మగారు ఒక్కరోజు ఆలస్యం చేసి ఎరగదు. ఏ కంపెనీ టైమరూ అంత బాగా పనిచెయ్యలేదు. ఆదివారం అందరూ చర్చికే వస్తారు కాబట్టి కాల్ రాదు. ఆదివారం మోటారుకు సెలవు. ఆ ఏడు మిరప ఎర్రగా, గట్టిగా కాసింది. రాహేలమ్మ ఇప్పటికీ తన చేను తనే చేసుకుంటోంది. ఆ మోటారు ఇంతవరకు కాలలేదు.

కాబట్టి పిల్లలూ, యంత్రం తయారుచేసినవాడు ఒక మనిషిని ఊహించుకుంటాడు. ఆ మనిషి మీ ఊళ్ళో ఉండడు. మీ ఊళ్ళో ఉన్న మనిషికీ ఆ యంత్రానికీ కుదర్చడమే మీ పని. దాని కోసం టీ తాగాలి, కబుర్లు వినాలి. ఎవరేమన్నా నమ్మకంగా చెబితే, ఇంకో ప్రశ్న అడగాలి.

షట్టర్ దించాక

షాపు మూసేసిన కొత్తలో పొద్దుట పూట చాలా కష్టంగా ఉండేది. నమాజు చేసుకుని వచ్చి కూర్చుంటే ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. లేచి చెయ్యాల్సిన పనంటూ ఉండాలని రాహేలమ్మ ఎందుకందో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. వణికే చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని వీధి చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు అలా కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. నా ఫోన్లో పేరు లేని నంబరు. ఎత్తాను. ప్రభువు నామంలో శుభోదయం. గొంతు గుర్తుపట్టాను. వాక్యం అయింది. ప్రార్థన అవసరమైనవాళ్ళ పేర్లు మొదలయ్యాయి. ఎవరిదో జ్వరం. ఎవరిదో ఉద్యోగం.

"రాహేలమ్మగారి బోరు మోటారు గురించి, దాన్ని బాగుచేసిన మస్తాన్ గారి చేతుల గురించి ప్రార్థిద్దాం."

కాల్ అయిపోయేదాకా విన్నాను. తర్వాత రాహేలమ్మకు ఫోన్ చేశాను.

"చెల్లెమ్మా, నా నంబరు ఎవరికన్నా ఇచ్చావా?"

"ఎవురికీ ఇవ్వలా అన్నా" అంది వెంటనే. తర్వాత, "ప్రార్థనకిచ్చా" అంది.

"నేను సాయిబును గదమ్మా!"

"అయితే ఏంది? మోటారు మాత్రం కిరస్తానీదా? అది కాలిందా ఇప్పటిదాకా?"

"కాలలా."

"మరింకేంది! నువ్వు ఫోన్ ఎత్తు, చాలు."

వద్దనుకున్న నంబరును బ్లాక్ చెయ్యడం నాకు తెలుసు. లోన్లవాళ్ళనూ, లాటరీలవాళ్ళనూ బజారు మొత్తానికీ నేనే బ్లాక్ చేసిపెట్టాను. ఈ నంబరు జోలికి మాత్రం పోలేదు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. అయినా ఇప్పుడు పొద్దున్నే లేస్తాను, నమాజు చేసుకుంటాను, టీ పెట్టుకుని ఫోన్ పక్కన కూర్చుంటాను. అక్కడ మాచవరం పక్కన చేలో కరెంటుంటే మోటారు తిరుగుతుంది, ఇక్కడ నేను ఫోన్ ఎత్తుతాను. ఆదివారం కాల్ రాదు. ఆదివారం మా ఇద్దరికీ సెలవు.